అణచివేయడమా, అదిమిపట్టడమా?

సందేహం: జపానులో ఉంటూ అక్కడి కథలను తెలుగు చేస్తున్నాను. 'ఒసయెరు' అనే క్రియ ప్రతి పుటలోనూ ఎదురవుతోంది. కన్నీళ్లు, కోపం, ధరలు, దొంగ... అన్నిటికీ వాళ్లకు అదే మాట. నేను అంతటా 'అణచివేయు' అని రాశాను. 'ఆమె కన్నీళ్లను అణచివేసింది' అన్న వాక్యం విని మా అమ్మ, 'కన్నీళ్లను అణచివేయడమేమిటే?' అంది. తప్పెక్కడుందో, సరైన మాట ఏదో చెప్పగలరు.
(ఒక పాఠకురాలు, ఒసాకా)

సమాధానం: మీ అమ్మగారి చెవి నికార్సయినది. అయితే తప్పు 'అణచు'లో లేదు, దానికి మీరు తగిలించిన 'వేయు'లో ఉంది.

అణగుకు ప్రేరణరూపం అణచు. పాతరూపాలు అడఁగు, అడఁచు. మనం ఎంతో మెచ్చుకొనే అణకువ ఈ ఇంటి బిడ్డే. తమిళులు 'అడక్కం' అన్నా అదే గుణం. కనుక 'కోపం అణచుకొన్నాడు' అనేది నిక్షేపంలాంటి తెలుగు. కానీ కొట్టివేయు, తోసివేయు, నరికివేయు... వేయు చేరిన చోట పని చేసినవాడి చేయి దాటి ఎదుటివాడి మీద పడుతుంది, అక్కడితో తీరిపోతుంది. కొను చేరితే పని చేసినవాడి దగ్గరే నిలుస్తుంది. కన్నీళ్లు ఆమెవి, ఆపినదీ ఆమే. అక్కడ వేయుకు పనేముంది? పత్రికలకు 'అణచివేత' అలవాటయ్యాక ఈ భేదం పాటించేవారు తగ్గిపోయారు. 'దగ్గును అణచివేసే మందు' అని ఒక ప్రకటనలో చదివి బాధపడ్డాను. తగ్గించే మందు అంటే దగ్గు తగ్గదా?

ఇక మీ జపాను మాట. 'ఒసు' అంటే నొక్కు, తోయు. దాని మీద పూర్వకాలపు 'ఫు' అనే ప్రత్యయం చేరి ఒసయెరు పుట్టిందని అక్కడి వైయాకరణుల వివరణ. పని ఆగకుండా సాగుతోందని చెప్పడమే ఆ ప్రత్యయం ఉద్యోగం. తలుపు గంట నొక్కి వదిలేస్తే ఒసు. గాలికి కాగితం ఎగిరిపోకుండా అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తియ్యకుండా ఉంటే ఒసయెరు. 'తొరు' (తీసుకొను) నుంచి 'తొరయెరు' (పట్టి బంధించు) వచ్చిందీ ఈ దారినే. మనకు ఇదే పని కొను చేసిపెడుతుంది. ఆటగాడు బంతి పట్టాడు. తండ్రి సంతలో బిడ్డ చెయ్యి పట్టుకొన్నాడు. మొదటిది క్షణంలో అయిపోయింది, రెండోది ఇల్లు చేరేదాకా సాగింది. కొను అంటే మొదట తీసుకొనడమే, తమిళంలో 'కొళ్'. రెండు భాషలకూ చుట్టరికం కలపడం లేదు. పట్టడం వేరు, పట్టి ఉంచడం వేరని ఇద్దరూ గుర్తించారని మాత్రమే నా మాట.

ఒసయెరును వాళ్లు రెండు విధాల రాస్తారు. చేత్తో నొక్కి పట్టడానికి ఒక అక్షరం, కోపాన్నో ఖర్చునో అదుపు చెయ్యడానికి మరొకటి. రెండింటికీ ఎడమ పక్కన చెయ్యి గుర్తే ఉంటుంది. మీ కథల్లో 'మెగషిర ఒసయెరు' తగిలే ఉంటుంది: కంటికొసను, ముక్కు పక్కన, వేలితోనో రుమాలుతోనో మెల్లగా నొక్కి పట్టడం. అక్కడ వేలు కంటిని తాకుతోంది కనుక మొదటి అక్షరం. 'నమిద ఒసయెరు' అని కన్నీళ్లను లోపలే ఆపుకొంటే రెండోది. ఇంత చక్కటి విభజన జూడో చాప మీద చెదిరిపోతుంది. ఒక మనిషి మరో మనిషిని వెల్లకిలా పడేసి బరువంతా ఆనించి నొక్కిపట్టే 'ఒసయెకొమి'ని, 1882లో జిగొరొ కానో నెలకొల్పిన జూడో విద్యాలయం కొదొకాన్ వారు రెండో అక్షరంతోనే రాస్తారు. అందుకే అక్షరాన్ని బట్టి తెలుగు మాట ఎంచుకోవద్దంటాను.

ఆ చాప మీద మనకు తెలిసిన సరుకు ఇంకా ఉంది. పట్టు కుదరగానే నిర్ణేత 'ఒసయెకొమి' అని పలుకుతాడు. 20 సెకన్లు నిలిపితే గెలుపు. కిందివాడు తప్పించుకొంటే 'తొకెత', అంటే విడిపోయింది. మన గ్రహణానికి ఉన్న పట్టు, విడుపు ఇవే కదా! ప్రత్యర్థి మెడను చేతితో చుట్టి, పక్కనుంచి ఛాతీతో అదిమే పట్టు పేరు 'కెస గతమె'. భుజం మీదుగా ఏటవాలుగా వేసుకొనే బౌద్ధభిక్షువు వస్త్రం 'కెస'. మన కాషాయమే చీనా మీదుగా వెళ్లి అలా మారింది.

గ్రహణం మాట వచ్చింది కనుక ఒకడుగు ముందుకు వేస్తాను. సంస్కృతంలో గ్రహ్ ధాతువుకు పట్టుకొను అని అర్థం. పట్టి పీడించేవి గ్రహాలు. గజేంద్రుడి కాలు పట్టిన మొసలి గ్రాహం. విషయం పట్టుకొంటే గ్రహించడం. దానికి 'ని' చేరిస్తే నిగ్రహం, అంటే కిందికి అదిమి పట్టడం. ఒసయెరుకు ఇంతకన్నా సాటి ఎక్కడ దొరుకుతుంది? అరబ్బీ నుంచి వచ్చిన జప్తునే చూడండి. మనకు అది ఆస్తిని పట్టడమే. ఉర్దూలో అదే మాటకు మనసును అదుపులో పెట్టుకోవడమనీ అర్థం. జపానువారి జప్తు 'సషిఒసయె', అందులోనూ మన ఒసయెరే ఉంది. ఆస్తిని పట్టినా మనసును పట్టినా మాట ఒకటే కావడం ఉర్దూలోనూ జపాను భాషలోనూ కనబడుతోంది.

మిగతావి క్లుప్తంగా. సభకు హాలు ఒసయెరు అంటే ముందుగా మాట్లాడి పెట్టుకోవడం. మనం బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకొంటామే, అలా. ముఖ్యాంశాలను ఒసయెరు అంటే సారం పట్టుకోవడం. ధరలకు కళ్లెం వేయండి. జనాన్ని నిలువరించండి. దొంగను పట్టుకోండి, స్వాధీనం చేసుకోవలసింది సొత్తును, దొంగను కాదు. ఈ ముక్క కొందరు విలేకరులు కూడా గుర్తుపెట్టుకొంటే సంతోషిస్తాను.

ఒక్క మాటే కావాలని మీరు పట్టుపడితే 'అదిమిపట్టు' అంటాను. అదమడంలో ఒసు ఉంది, పట్టడంలో దాని కొనసాగింపు ఉంది. దుఃఖానికి, కాగితానికి, కుస్తీకి కూడా ఒదుగుతుంది. కన్నీళ్లకు మాత్రం నా మనసు పూర్తిగా ఒప్పడం లేదు. అదమడానికి బరువో గట్టితనమో ఉండాలి, కన్నీరు జారిపోయేది. 'ఆమె కన్నీళ్లు ఆపుకొంది' అని రాయండి. ఆ వాక్యంలో వేలు కంటికొసను తాకుతుంటే 'కంటికొసను వేలితో అదిమిపట్టింది' అనండి, కన్నీళ్ల ఊసు ఎత్తకుండా.