రివిట్ కోర్సు కడితే ఉద్యోగం ఖాయమా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నేను బిల్డింగ్ మేస్త్రీని. మా అబ్బాయి సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు. కంప్యూటర్లో ఇంటి మోడల్ గీసే రివిట్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ప్లాన్ నుంచి ఇటుక, సిమెంటు లిస్టు దానంతటదే వస్తుందని, వెంటనే ఉద్యోగమని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. చేర్పించాలా, డిప్లొమా వాళ్లను బీటెక్‌లో చేర్చుకునే ఈసెట్ పరీక్ష రాయించాలా?

జవాబు: లిస్టు వచ్చే మాట కొంతవరకు నిజమే. వ్యూ ట్యాబ్‌లో షెడ్యూల్స్, అందులో మెటీరియల్ టేకాఫ్ (సామగ్రి పరిమాణాల పట్టిక), కేటగిరీ గోడలు. మెటీరియల్ పేరు, విస్తీర్ణం, ఘనపరిమాణం ఎంచుకుని, ఒక్కో గోడను విడిగా చూపించే టిక్ తీసేసి, టోటల్ పెడితే అయిపోయింది. పది నిమిషాల పని. ఇంతమాత్రానికి ఎవరూ జీతం ఇవ్వరు. ఆ అంకెలో ఏం కలిసిపోయిందో, ఏం తప్పిపోయిందో పట్టుకునేవాడికే బిల్లింగ్, క్వాంటిటీ సర్వే (పని, సామగ్రి పరిమాణాలు లెక్కగట్టే) ఉద్యోగాలు.

మీకు తెలిసిన లెక్కలోనే చూడండి. 9×18 అంగుళాల పిల్లర్లు, 10 అడుగుల ఎత్తు, మొత్తం 12. గోడ గీసి, దాని మధ్యలో పిల్లర్ పెట్టి, రెండింటినీ జాయిన్ చేయకపోతే ఆ చోటు ఇటుకలోనూ, కాంక్రీటులోనూ రెండుసార్లు పడుతుంది. 135 ఘనపుటడుగుల ఇటుక పని అదనం. మాడ్యులర్ ఇటుకలు ఘనమీటరుకు సుమారు 500 అనుకుంటే దాదాపు 1,900 ఇటుకలు! జాయిన్ చేశాక కూడా పిల్లర్ గోడను కోసిందా, గోడే పిల్లర్‌ను కోసిందా చూసుకోవాలి.

ప్లాస్టరింగ్‌లో తేడా ఎదురుతిరుగుతుంది. కిటికీ పెట్టగానే సాఫ్ట్‌వేర్ గోడకు రెండు వైపులా కోసేస్తుంది. కట్టడం పనులను ఎలా కొలవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం 0.5 నుంచి 3 చదరపు మీటర్ల ఓపెనింగ్‌కు ఒక వైపే తీసేయాలి. రెండో వైపుది కిటికీ పక్కలకు, పైకి, కిందికి చేసే పనికి సరిపెడతారు. 4×4 అడుగుల కిటికీలు పది ఉంటే బిల్లులో 160 చదరపు అడుగులు ఎగిరిపోయినట్టే. ఆ నష్టం ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

సిమెంటు బస్తాలనూ అది లెక్కగట్టదు, కాంక్రీటు ఘనపరిమాణమే ఇస్తుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 మిశ్రమానికి ఘనమీటరుకు సుమారు 8 బస్తాలు, ఆపైన వేస్టేజీ మనమే వేసుకోవాలి. గీయనిది లిస్టులో ఉండదు: అటకలు, వంటగట్టు కడప బండలు, బేస్‌మెంట్ గ్రావెల్. ఆర్కిటెక్ట్ మోడల్‌లో మామూలుగా స్టీలు కూడా గీయరు, బార్ బెండింగ్ షెడ్యూల్ (కమ్మీల పొడవు, వంపుల లెక్క) విడిగా వేయాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు, లెక్క తెలియాలి. అందుకే ఈసెట్ రాయించండి. ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతాడు. రివిట్‌ను తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు దాన్ని ఏడాది ఉచితంగా ఇస్తుంది, ఏటా పొడిగించుకోవచ్చు. కాకపోతే చదువుతున్నవాళ్లకే, నేర్చుకోవడానికే. దాంతో డబ్బు తీసుకుని పని చేయకూడదు. కాలేజీలో చేరేలోపు చూసుకోవడానికి కొద్ది రోజుల ఉచిత ట్రయల్ ఉంది.

ఈలోగా మీరు ఇప్పుడు కడుతున్న ఇంటినే మోడల్‌గా గీయమనండి. వాడి లిస్టు పక్కన మీ నోటుబుక్కు లెక్క పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో వాడినే వెతకనివ్వండి. ఇన్‌స్టిట్యూట్‌లోనే చేర్పించాలనుకుంటే ఫీజు కట్టే ముందు ఆ 12 పిల్లర్ల గోడను మీ ఎదుట గీసి ఇటుకల లెక్క తీయమనండి. తడబడితే కట్టకండి.