పాత ఒప్పందానికి పాత రేటు వర్తిస్తుందా?

ప్రశ్న: హనుమకొండలో ఇంటి స్థలానికి 2021 జూన్‌లో 40 లక్షలకు అమ్మకపు ఒప్పందం రాసుకున్నాం. అప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతమే. హద్దుల తగాదా తీరి ఇప్పుడు వెళ్తే 7.5 శాతం కట్టమంటున్నారు. పాత రేటు మాకు వర్తించదా?
– ఒక పాఠకుడు

జవాబు: వర్తించదండి. స్టాంపు సుంకం బేరానికి కాదు, దస్తావేజుకు పడుతుంది కాబట్టి, విక్రయ దస్తావేజుపై సంతకాలు జరిగే రోజున అమల్లో ఉన్న రేటే లెక్క. తెలంగాణలో 2021 జులై 22 నుంచి స్టాంపు సుంకం 4 నుంచి 5.5 శాతానికి పెరిగింది. బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతంగానే ఉన్నాయి. అంటే మీ 40 లక్షల మీద 2,40,000 రూపాయలకు బదులు 3,00,000 అవుతుంది.

అసలు చిక్కు అక్కడితో ఆగదు. ఒప్పందంలోని ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే సుంకం వేస్తారు. ఆ విలువలను 2021 జులైలోనూ, 2022 ఫిబ్రవరి 1నా సవరించారు. మీ స్థలం విలువ ఇప్పుడు 46 లక్షలుగా ఉంటే 3,45,000 కట్టాల్సిందే. కోర్టు వ్యాజ్యం వల్ల ఏళ్లు గడిచినా దస్తావేజు నాటి విలువే ప్రమాణమని రాజస్థాన్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2007లో తేల్చింది.

పాత తేదీ వేసి రాసేద్దామని ఎవరైనా సలహా ఇస్తే (ఇచ్చేవాళ్లకు కొదవ లేదు) వినకండి. అది నేరం, పైగా రాసిన నాలుగు నెలల్లోగా దస్తావేజును దాఖలు చేయాలన్న నిబంధన ఎలాగూ అడ్డొస్తుంది. చలానా కట్టేముందు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ స్థలం మార్కెట్ విలువ చూసుకోండి.