ఆన్నా పొలిట్‌కోవ్‌స్కయా ఎవరు? ఆమె పుస్తకాల్లో ముందుగా ఏది చదవాలి?

సోవియట్ దౌత్య ఉద్యోగుల కుమార్తెగా 1958లో న్యూయార్క్‌లో పుట్టి, మాస్కో విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివిన ఆన్నా, 1999లో నొవాయా గజేటా పత్రికలో చేరిన తరువాత రష్యాలోని చెచెన్యా ప్రాంతంలో వేర్పాటువాదులతో రష్యా సైన్యం చేసిన రెండవ చెచెన్యా యుద్ధాన్నే తన ప్రధాన విషయంగా చేసుకున్నారు. సైన్యం చేసే ప్రకటనలకన్నా, కనబడకుండా పోయిన కొడుకుల కోసం తిరిగే తల్లుల మాటలకే ఆమె కథనాల్లో ఎక్కువ చోటు దక్కింది. గ్రామస్థులను గోతుల్లో నిర్బంధిస్తున్నారన్న ఫిర్యాదులను విచారించడానికి 2001 ఫిబ్రవరిలో చెచెన్యాలోని ఖతూని గ్రామానికి వెళ్లినప్పుడు, సైనికులు ఆమెనే పట్టుకుని, కాల్చి చంపబోతున్నట్టు నటించి బెదిరించారు; విడుదలయ్యాక ఆమె ఆ గోతుల గురించే రాశారు. 2004లో రష్యాలోని బెస్లాన్ పట్టణపు బడిలో సాయుధులు పిల్లలను బందీలుగా పట్టుకున్నారని తెలిసి బయలుదేరిన ఆమె, విమానంలో టీ తాగిన కాసేపటికే స్పృహ కోల్పోయి ఆసుపత్రి పాలయ్యారు.

ఆంగ్లంలో వచ్చిన పుస్తకాల్లో 'ఎ డర్టీ వార్' (2001) పత్రికా కథనాల సంకలనం. 'పుతిన్స్ రష్యా' (2004) సైన్యంలోని, న్యాయస్థానాల్లోని అక్రమాల వైపు దృష్టి మళ్లిస్తుంది. అందులో ఆగ్రహం పాలు కొంత ఎక్కువేనని చెప్పాలి. బాధితుల గొంతులు నేరుగా వినిపించే 'ఎ స్మాల్ కార్నర్ ఆఫ్ హెల్' (2003)తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. 'ఎ రష్యన్ డైరీ' ఆమె మరణానంతరం వెలువడింది.

2006 అక్టోబరు 7న మాస్కోలో, తాను నివసించే భవనం లిఫ్టులోనే ఆమెను కాల్చి చంపారు. 2014లో ఐదుగురికి శిక్ష పడినా, ఆ హత్య చేయించినది ఎవరన్నది న్యాయస్థానంలో తేలలేదు.