ఆదాయం పెరిగితే ఆయుష్షూ చదువూ వాటంతటవే పెరుగుతాయా?

అడిగిన ప్రశ్న ఇది: దక్షిణాసియా దేశాలు ముందు డబ్బు సంపాదించుకుని, ఆ తర్వాత బడులూ ఆస్పత్రులూ చూసుకుంటే సరిపోదా? తలసరి ఆదాయం పెరిగితే మిగతావన్నీ వాటంతటవే రావా?

రావు. ఈ మాట గట్టిగా చెప్పడానికి బంగ్లాదేశ్ ఒక్కటి చాలు. 1980లో అది ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. రెడీమేడ్ దుస్తుల ఎగుమతులు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. అయినా పసిపిల్లల ప్రాణాలు కాపాడే అతిపెద్ద పని సరిగ్గా ఆ ఏడాదే మొదలైంది. "అంతా గార్మెంట్ ఫ్యాక్టరీల పుణ్యమే" అనేవాళ్లు ఈ తేదీల వరుస చూడరు.

విరేచనాలతో చనిపోయే పిల్లలకు మందు అప్పటికే తెలుసు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి. పేగు గోడ గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు దాంతోపాటు సోడియంను కూడా తీసుకుంటుంది. ఆ సోడియం వెంట నీరు వస్తుంది. అందుకే ఉత్త నీళ్లు ఎన్ని తాగించినా అంతగా నిలవవు.

ఇక మిగిలింది ఈ విషయం ప్రతి ఇంటికీ చేర్చడం. ఆ పని బ్రాక్ అనే బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ తలకెత్తుకుంది. ప్యాకెట్లు పంచే స్తోమత లేదు కాబట్టి ఇంట్లో ఉన్నవాటితోనే లెక్క కట్టారు: అర సేరు నీళ్లు, అంటే దాదాపు అర లీటరు, మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం. వినడానికి తేలిక, కానీ చేతి కొలత మనిషి మనిషికీ మారుతుంది. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి పిల్లకు ఫిట్స్ రావచ్చు. బెల్లం మరీ ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయి. అందుకే తల్లులు కలిపిన నీళ్ల శాంపిల్స్ తీసి ల్యాబ్‌లో పరీక్షించేవారు.

మొదటి విడతలో 600 ఊళ్లు, 60,000 మంది ఆడవాళ్లు. యువతుల బృందాలు ఇల్లిల్లూ తిరిగేవి. మొదట్లో వాళ్లే కలిపి చూపించేవారు. అది గుర్తుండదని తేలాక, తల్లి చేతే కలిపించడం మొదలుపెట్టారు. నన్నడిగితే మొత్తం పథకానికి ప్రాణం జీతం ఇచ్చిన తీరులో ఉంది. ఎన్ని ఇళ్లు తిరిగారని కాకుండా, తర్వాత మరొకరు వెళ్లి అడిగినప్పుడు ఆ తల్లి ఎన్ని అంశాలు చెప్పగలిగింది, నీళ్లు సరిగ్గా కలిపిందా అని చూసి డబ్బులిచ్చారు. మన దగ్గర శిక్షణ కార్యక్రమాల్లో హాజరు పట్టీ మీద సంతకాలు లెక్కపెట్టి నివేదిక పంపేస్తారు. విన్నవాడికి ఏం వచ్చిందో ఎవరూ అడగరు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

ఇంత చేసినా తొలినాళ్లలో తల్లులకు కలపడం వచ్చింది గానీ, పిల్లకు జబ్బు చేసినప్పుడు వాడినవాళ్లు తక్కువ. ఆరా తీస్తే రెండు కారణాలు దొరికాయి. నేర్పే అమ్మాయిల్లోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదు, తమకు విరేచనాలైతే మాత్రలు మింగేవారు. రెండోది, ఇంట్లో మగవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మాయిలకు అది ఎలా పనిచేస్తుందో మళ్లీ మొదటి నుంచి వివరించారు. మగవాళ్లతో బజార్లలో, మసీదుల దగ్గర మాట్లాడారు. అప్పటినుంచి వాడకం పెరిగింది. పదేళ్లలో కోటి 20 లక్షలకు పైగా ఇళ్లకు ఈ పాఠం చేరింది.

చదువులోనూ ఇదే పద్ధతి. 1994లో అక్కడి పల్లెల్లో హైస్కూలు ఆడపిల్లలకు స్టైపెండ్ దేశమంతా అమలు చేశారు. షరతులు మూడు: 75 శాతం హాజరు, పరీక్షల్లో 45 శాతం మార్కులు, పెళ్లి కాకుండా ఉండటం. మూడో షరతు విలువ మన విధానకర్తలు ఇప్పటికైనా గమనించాలి. పెళ్లి ఒక్క ఏడాది వెనక్కి జరిగినా మొదటి కాన్పు కూడా వెనక్కి జరుగుతుంది.

ఇక ర్యాంకుల గొడవ. ఆయుర్దాయం, చదువు, ఆదాయం ఈ మూడు సూచికలతో దేశాలను కొలిచే మానవాభివృద్ధి సూచీ 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో వచ్చింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ దీన్ని తన మానవాభివృద్ధి రిపోర్టులో ఇస్తుంది. ఇందులో ఆదాయాన్ని 100 డాలర్ల నుంచి 75,000 డాలర్ల మధ్య లాగరిథమ్‌లో కొలుస్తారు (అంటే ఆదాయం ఎంత ఉన్నా, రెట్టింపైన ప్రతిసారీ సూచిక ఒకే మేర పెరుగుతుంది), ఆయుర్దాయాన్ని 20 నుంచి 85 ఏళ్ల మధ్య మామూలుగానే కొలుస్తారు. లెక్క వేసి చూడండి: తలసరి ఆదాయం రెట్టింపైతే ఆదాయ సూచిక సుమారు 0.105 పెరుగుతుంది. ఆయుర్దాయ సూచికలో అంతే పెరుగుదలకు ఆరేడేళ్ల ఆయుష్షు చాలు. పైగా 2010 నుంచి మూడు సూచికలను కూడి మూడుతో భాగించడం మానేసి, గుణించి ఘనమూలం తీస్తున్నారు. 0.9, 0.6, 0.3 ఉన్న దేశానికి పాత పద్ధతిలో 0.6 వచ్చేది, ఇప్పుడు 0.545 దగ్గర ఆగుతుంది. ఒక్క ఆదాయాన్నే పెంచుకుంటూ పోయి మిగతా రెండింటినీ వదిలేసిన దేశం ఇక్కడే దొరికిపోతుంది.

రిపోర్టు వచ్చిన రోజున "రెండు స్థానాలు ఎగబాకాం" అని రాసే పత్రికలు ఇవేవీ చెప్పవు. 2025 రిపోర్టులో ఉన్నవి 2023 లెక్కలు. పాత అంకెలను ఏటా సవరిస్తారు కాబట్టి నిరుటి పుస్తకంలో ర్యాంకును ఈ ఏటి ర్యాంకు పక్కన పెట్టడం తప్పు. పోల్చాలంటే తాజా రిపోర్టులోనే 1990 నుంచి ఇచ్చే ట్రెండ్ పట్టిక తీసుకోండి. ఆ తర్వాత మొదటి పట్టికలో ఆయుర్దాయం, బడిలో గడిపిన ఏళ్లు, ఆదాయం ఈ మూడింటి కాలమ్‌లనూ విడివిడిగా చూడండి. తర్వాత అవే అంకెలు ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరుగా ఇచ్చిన పట్టిక తెరవండి.