నెమ్ము ఆరకముందు రంగు వేయకు

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా క్షేమం.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు బోయిన్‌పల్లిలో షెడ్డు అద్దెకు తీసుకుని, పాత ఎంటర్‌ప్రైజ్ తెరచాప పడవ ఒకటి తెచ్చి పెట్టావని, జూలై నాటికి దాన్ని బాగుచేసి హుస్సేన్‌సాగర్‌లో దింపుతానంటున్నావని, అప్పుడే రంగు డబ్బాలు కూడా కొనేశావని చెప్పి, "నువ్వు చెబితేనే వింటుంది అన్నయ్యా, ఎలాగైనా మాన్పించు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఉలి పట్టే చెయ్యి నాతోనే ఆగిపోలేదని ఎంతో గర్వం కలిగింది; రంగు డబ్బాల మాట గుర్తొచ్చినప్పుడల్లా గుండె దడదడలాడింది. నేను నిన్ను మాన్పించను. కానీ ఫోనులో చెబితే సగం మాటలు జారిపోతాయి, చెప్పవలసిన ఒక మాట నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఎంటర్‌ప్రైజ్ అనగానే నాకు ఆ నీలి తెరచాపలే కళ్ల ముందు కదులుతాయి. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ రూపొందించిన పడవ అది. 13 అడుగుల పైచిలుకు పొడవు, ఎక్కేది ఇద్దరు, ఒళ్లంతా పలుచని ప్లైవుడ్ పలకలు. తేలికగా ఉండటమే దాని గొప్ప. కానీ మందపాటి టేకు దూలంలో ఒక మూల చివికినా మిగిలిన చెక్క బరువు మోస్తుంది; పలుచని ప్లైవుడ్‌లో ఒక్క పొర చివికితే పక్క పొరలకు ఆ శక్తి ఉండదు. నువ్వు చేతిలోకి తీసుకున్న వస్తువు అలాంటిదని మొదటి రోజే తెలుసుకో.

ఎవరైనా చెప్పగలిగిన పనుల గురించి ఎక్కువ రాయను. పడవను తిరగవేయడానికి ఆరుగురిని పిలువు, కింద పాత టైర్లు పరువు. ఏది విప్పినా ముందు ఫొటో తీసి, దాని స్క్రూలను విడిగా డబ్బాలో వేసి పైన పేరు రాయి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పొడిగా గీకి దుమ్ము లేపకు. తడిపి రుద్దు, చెక్క బయటపడగానే నీళ్లు ఆపు, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకో. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, దాన్ని ఒట్టి చేతులతో ముట్టుకోకు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక ఎప్పటికీ పడదు. ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర, అంటే పడవల ప్లైవుడ్‌కు మన దేశం పెట్టిన ప్రమాణపు ముద్ర, ఉన్నదే కొను. 72 గంటలు నీళ్లలో ఉడికించినా జిగురు విడవకూడదన్నది ఆ ప్రమాణం. స్క్రూలు కొనడానికి వెళ్లినప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకో. ఇత్తడివని ఇచ్చిన వాటికి అయస్కాంతం అతుక్కుంటే అవి ఇత్తడి పూత పూసిన ఇనుము. నిజం ఇత్తడి కూడా నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే పెళుసెక్కి విరుగుతుంది. కాబట్టి నీళ్లు తగిలే చోట మంచి స్టెయిన్‌లెస్ స్టీలు వాడు.

మొదటి వారం ఉలి ముట్టుకోకు. స్క్రూడ్రైవర్ పిడితో పడవ ఒళ్లంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లు. మంచి చెక్క టకటకమని పలుకుతుంది. చివికిన చెక్క పండిన గుమ్మడికాయను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట సన్నని బరమా దించి చూడు. పొట్టు పొడిగా, లేత రంగులో రాలితే ఫరవాలేదు. నల్లగా ముద్దగా వస్తే అక్కడ కోయవలసిందే. నీళ్లలోకి దిగే నడిమి పలక పెట్టె అడుగు, వెనక పలక కింది మూలలు, మాస్టు, అంటే తెరచాప కట్టే స్తంభం, నిలిచే దిమ్మ, మాస్టును రెండు పక్కలా పట్టి నిలిపే ఉక్కు తీగలు పడవ అంచుకు బిగిసే చోట్లు, వీటిని ముందుగా చూడు. చివర చెప్పిన దాన్ని మాత్రం ముందుకు తెచ్చుకుని, రెండుసార్లు చూడు. ఎందుకో చెబుతాను.

1986లో నాకూ ఇలాంటి పడవే దొరికింది. ఒక సెయిలింగ్ క్లబ్బు వాళ్లు గోడ పక్కన బోర్లించి వదిలేసిన పడవ. నేనప్పుడు పోతపనికి కొయ్య నమూనాలు చేసేవాణ్ణి. చెక్క స్వభావం తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. ఫిబ్రవరిలో చేతిబండి మీద ఇంటికి తెచ్చాం, నేనూ మీ నాన్నా. అప్పటికి అతనికి 22 ఏళ్లు, ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటున్నాడు. సాయంత్రాలూ ఆదివారాలూ ఇద్దరం ఆ పడవ దగ్గరే గడిపేవాళ్లం. పాత రంగు గీకుతుంటే ఎడమ అంచు కింద, ఉక్కు తీగ పట్టీ బిగించి ఉన్న చోట, అరచెయ్యంత మేర చెక్క నల్లగా బయటపడింది. బొటనవేలితో నొక్కితే చల్లగా తగిలింది. మే నెల మధ్యాహ్నం ఆరిన చెక్క చల్లగా తగలదు తల్లీ. అది నెమ్ము. అంచు పట్టీ ఊడదీసి, ఆ మేరకు కోసి తీసేసి, కొత్త ముక్క అతకాలని ఆ క్షణంలోనే నాకు తెలుసు. అది నెల రోజుల పని. జూలైలో పోటీలున్నాయి. మీ నాన్న కూడా చూశాడు. "అన్నయ్యా, ఇక్కడ నల్లగా ఉందే" అన్నాడు. "ఎపాక్సీ పడితే రాయైపోతుందిలే" అన్నాను. చెక్కపనిలో నా మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు.

ఆ నెలలోనే రెండుసార్లు గాలివాన కురిసింది. వాన తగలకూడదని పడవ మీద టార్పాలిన్ నేల వరకూ లాగి, చుట్టూ ఇటుకలు పెట్టి బిగించాను. దానివల్ల లోపలి చెమ్మ బయటికి పోయే దారే లేకపోయింది. తర్వాత ఆ నల్లని చోట లప్పం పట్టించి, పైన ఎపాక్సీ పూసి, నీలిరంగు మూడు పూతలు వేశాను. అద్దంలా మెరిసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను. చెక్కను చివికించే బూజుకు కావలసినవి తడి, వెచ్చదనం, కాస్త గాలి. చెక్కలో తడి ఐదో వంతుకు మించితే అది హాయిగా పెరుగుతుంది. నేను ఆ తడిని లోపలే ఉంచి, పైన మూత వేసి, ఎండలో పెట్టి పెంచాను. బయట రంగు చెక్కుచెదరలేదు కాబట్టి ఏడాది పాటు ఎవరికీ ఏమీ కనబడలేదు.

1987 జూలైలో ఒక ఆదివారం. పడమటి గాలి బాగా వీస్తోంది. పడవ ఒరగకుండా మీ నాన్న గాలి వచ్చే వైపు, అంటే ఎడమ అంచు మీద కూర్చుని, ఒళ్లు బయటికి వాల్చి, ఒక చెయ్యి ఆ ఉక్కు తీగ పక్కనే ఆనించాడు. గాలి ఒక్కసారి గట్టిగా తోసింది. పట్టీ స్క్రూలతో సహా ఊడి వచ్చింది. మాస్టు అటువైపు కూలింది. మీ నాన్న ఇటువైపు వెల్లకిలా నీళ్లలో పడ్డాడు. పడేముందే ఆ పట్టీ అంచు అతని ముంజేతిని మణికట్టు నుంచి పైకి చీల్చేసింది. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండబట్టి తేలాడు. పక్క పడవలవాళ్లు వచ్చేలోగా నేను అతని చేతిని నా చొక్కాతో అదిమి పట్టుకుని ఉన్నాను. నాలాల మురికి కలిసిన చెరువు నీళ్లు గాయంలోకి పోయాయి. చీము పట్టి, మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. రాయవలసిన పరీక్ష తప్పిపోయింది. మీ నాన్న టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చిటికెన వేలు, ఉంగరం వేలు మడత పడకుండా నిటారుగా ఉండటం చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. స్కూటర్ మీది నుంచి పడ్డానని నీకు చెప్పాడు. మీ తాతయ్యకు గాలి ఎక్కువైందని చెప్పాడు. నా లప్పం సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు, ఇప్పుడు నీకు రాస్తున్నాను.

పడవను ఒడ్డుకు చేర్చాక ఆ చోట వేలు పెట్టి చూశాను. పైన నీలిరంగు పెంకులా నిలిచి ఉంది. లోపలి చెక్క తడిసిన అటుకుల్లా వేళ్ల మధ్య నలిగిపోయింది, పుట్టగొడుగుల వాసన వేసింది. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి, విగ్రహం నీళ్లలో మునిగి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారని తెలిసి ట్యాంక్‌బండ్ మీదికి జనం వెళ్తుంటే మేమిద్దరం కూడా వెళ్లాం. ప్రమాదం తర్వాత కలిసి ఆ గట్టు మీద నిలబడింది అదే మొదటిసారి. చాలాసేపటికి అతను "ఆ పడవ ఏమైంది అన్నయ్యా?" అని అడిగాడు. విప్పేశానన్నాను. "మంచి పడవ" అన్నాడు, అంతే.

ఇప్పుడు నీ పడవను ఎలా ఆరబెట్టాలో చెబుతాను. బోర్లించి, నేలకు రెండడుగుల ఎత్తున దిమ్మల మీద పెట్టు. టార్పాలిన్ పైన కప్పులా కట్టు, నాలుగు వైపులా గాలి ఆడనివ్వు. తొందరగా ఆరుతుందని నేరుగా ఎండలో పెట్టకు. మన ఊరి మే నెల ఎండకు పై పొర పగుళ్లిస్తుంది. పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర వేలాడే కాటా ఉంటుంది, అద్దెకు తెచ్చుకో. ముందు కొస ఒకసారి, వెనక కొస ఒకసారి లేపి తూచి, రెండూ కలిపి గోడ మీద తేదీతో సహా రాయి. కొత్తగా ఉన్నప్పుడు మాస్టూ తెరచాపలూ లేని ఒట్టి డొల్ల బరువు సుమారు 90 కిలోలు. నీది 110 తూగిందనుకో, అందులో పాత రంగూ మరమ్మతులూ కొంత, మిగిలింది నీళ్లే. పదిహేను రోజులకొకసారి తూచు. వరుసగా రెండుసార్లు బరువు తగ్గకపోతే, అప్పుడు చెమ్మ కొలిచే మీటరు గుచ్చి చూడు. 12 శాతం దగ్గరికి వస్తే మంచిది, 15 దాటితే ఆగు. మీటరు మంచి సంఖ్య చూపినా, అనుమానమున్న చోట రాత్రి ప్లాస్టిక్ కాగితం అంచులు మూసి అతికించు. పొద్దున్నే లోపల చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆరలేదన్నమాట.

ఉక్కు తీగల పట్టీలను స్క్రూలతో బిగించకు. చెక్కను ఇవతలి నుంచి అవతలికి తొలిచి, వెనక లోహపు పలక ఆనించి, బోల్టులు వేసి నట్లు బిగించు. తొలిచిన కన్నం లోపలి గోడకు కూడా ఎపాక్సీ పట్టించడం మరవకు. నీళ్లు మొదట చేరేది అక్కడికే. బోల్టులు సిద్ధమయ్యాక ఒడ్డునే మాస్టు నిలబెట్టి, రెండు వైపులా తీగలను బిగించి, ఒక్కో పట్టీ మీద నీ బరువంతా వేసి వేలాడు. అది చిన్న చప్పుడు చేసినా విప్పి చూడు.

ఎపాక్సీ పని సాయంత్రం పెట్టుకో. ఎండ ఎక్కేవేళ పూస్తే చెక్కలోని గాలి వేడెక్కి ఉబ్బి బుడగలుగా పైకి వస్తుంది. ఎండ దిగేవేళ పూస్తే చెక్క చల్లబడుతూ ఆ జిగురును లోపలికి పీల్చుకుంటుంది. కొంచెం కొంచెంగా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయి. డబ్బాలో ముద్దగా ఉంచితే మన ఎండలకు అది చెయ్యి కాలేంత వేడెక్కి గడ్డకడుతుంది. తొందరగా గట్టిపడాలని హార్డెనర్, అంటే గట్టిపరిచే రెండో ద్రవం, ఎక్కువ వేయకు, సరిగ్గా గట్టిపడదు. మర్నాడు పైన జిడ్డు పొర కనబడితే నీళ్లతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరాకే రెండో పూత వెయ్యి. అన్నీ అయ్యాక రంగో వార్నిషో తప్పనిసరి, ఎండ సోకితే ఎపాక్సీ పాడవుతుంది.

ఇక జూలై సంగతి. ఈ జూలై మాట నీ నోట మళ్లీ రానీయకు. ఇప్పుడు మార్చి, ఆరడానికే రెండు నెలలు పట్టవచ్చు, ఆపై వానాకాలంలో గాలిలోనే తడి ఉంటుంది. అప్పుడు రంగు వేస్తానంటే నేనొచ్చి బ్రష్షు లాక్కుంటాను. వచ్చే ఏడాది కూడా హుస్సేన్‌సాగర్‌లో నీళ్లుంటాయి, గాలీ వీస్తుంది. నీకు కోపం వస్తుందని తెలుసు. ఐదేళ్లప్పుడు నా బల్ల కింద కూర్చుని, చిత్రిక నుంచి రాలిన పొట్టు చుట్టలను చెవులకు కమ్మల్లా పెట్టుకునేదానివి. పొట్టు విరిగితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదానివి. నీ తొందర నాదే తల్లీ, నా దగ్గరి నుంచే వచ్చింది. అందుకే ఇంత భయం.

వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకు షెడ్డుకు వస్తాను. ఆనాటి ఎడమ అంచు ముక్క, జానెడు పొడవుది, అటక మీది పెట్టెలో ఇంకా ఉంది. తెస్తాను, చేత్తో పట్టుకుని చూద్దువుగాని. మీ నాన్ననూ రమ్మన్నాను. రానని అనలేదు, చూద్దామన్నాడు. వస్తే స్క్రూడ్రైవర్ అతని చేతికే ఇవ్వు. చెక్క పలుకులో తేడా ఆ రోజుల్లో నాకంటే ముందు అతని చెవికే తెలిసేది. ఆ రోజు వరకు ఆ రంగు డబ్బాల మూతలు తీయకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న