ప్రశ్నపత్రంతో మొదలుపెట్టు, లైనక్స్ తర్వాత

తమ్ముడూ,

బడిలో సార్లకూ మేడాలకూ పిల్లలకూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ నేర్పే పని ఒప్పుకున్నావని తెలిసి చాలా సంతోషమైంది. మొదటిరోజే విండోస్ తీసేసి, దాని బదులు వాడే ఫ్రీ సిస్టమ్ లైనక్స్ ఎక్కించకు. స్క్రీన్ మొత్తం మారిపోతే చాలామంది మౌస్ మీద చెయ్యి కూడా వెయ్యరు. ఇప్పుడున్న విండోస్‌లోనే వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే లిబ్రేఆఫీస్ వేసి, ఈ వారం వాళ్లకు ఎలాగూ తప్పని పని అందులో చేయించు. అంటే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష ప్రశ్నపత్రం, మార్కుల పట్టిక.

ప్రశ్నపత్రం దగ్గరే అందరూ ఆగిపోతారు, రెండు పూటలు దానికే ఇవ్వు. చాలామంది దగ్గర డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాత పేపర్లు ఉంటాయి. తెరవగానే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి, ఫైలు పాడైందని కంగారుపడతారు. పాడవ్వలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ వేరే నంబరు ఇచ్చే పద్ధతి) కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టినవి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో కింద ఉన్న అసలు అక్షరమే బయటపడుతుంది. ఇది ఒకసారి బోర్డు మీద రాసి చూపించు.

టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్పు. హల్లులు ఎక్కువగా కుడిచేతికి, గుణింతాలు ఎడమచేతికి వస్తాయి. ఇంగ్లిషు కీల్లో కె కొడితే క, ఇ (E) కొడితే దీర్ఘం, ఎఫ్ కొడితే గుడి. కె, ఇ, కె, ఎఫ్ కొట్టించు, కాకి వస్తుంది. ఒత్తుకు మధ్యలో డి. షిఫ్ట్ పట్టుకుని డి కొడితే అ, ఆ వెంటనే కె, డి, కె కొడితే అక్క. ఇంగ్లిషు స్పెల్లింగుతో కొట్టడం మొదట్లో తేలికే గానీ, ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ఒకేలా ఉంటుంది, రేపు సిస్టమ్ మారినా వేళ్లకు మళ్లీ నేర్పక్కర్లేదు.

ఇంగ్లిషు ఫాంటు మార్చాను, తెలుగు మారలేదేంటి అని తప్పకుండా అడుగుతారు. లిబ్రేఆఫీస్‌లో రెండింటి ఫాంటు అమరిక వేర్వేరు. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవాలి. ఆ తర్వాతే అదే ఆప్షన్స్‌లో, రైటర్ (లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటిది) అమరికల్లో బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ పేజీ కనిపిస్తుంది. అక్కడ నోటో శాన్స్ తెలుగు గానీ మండలి గానీ, ఏదో ఒక ఫాంటు పెట్టు. రెండూ ఉచితమే, ఎన్ని సిస్టమ్‌లలోనైనా వేసుకోవచ్చు. జిరాక్స్ షాపుకు మాత్రం పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసే పంపమను. అందులో ఫాంటు కూడా వెళ్తుంది, లైన్లు జరగవు.

మార్కుల పట్టికలో ఒక్కటే చిక్కు. పరీక్షకు రాని పిల్లాడి గడిలో ఏబీ (ఆబ్సెంట్) అని కొడతారు. గడికి గడి ప్లస్ పెట్టి కూడితే ఎర్రర్ వస్తుంది, సమ్ ఫార్ములా అయితే అక్షరాలను వదిలేసి మిగతావి కూడుతుంది. ఈ రెండూ పక్కపక్కన చేసి చూపించు.

పిల్లలకు బ్లాకులు పేర్చి ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్, ఆకాశంలో నక్షత్రాలు చూపించే స్టెల్లేరియం చాలు. సిస్టమ్‌కు ఇద్దరికి మించి వద్దు, మూడోవాడు చూస్తూ కూర్చుంటాడు. పది నిమిషాలకోసారి మౌస్ చేతులు మారాలి. ఈ సాఫ్ట్‌వేర్ కాపీ చేసి స్నేహితుడికి ఇవ్వడం తప్పు కాదనీ, దాని లైసెన్సే ఆ హక్కు ఇస్తోందనీ చెప్పు. దొంగ కాపీలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఇది కచ్చితంగా తెలియాలి.

నెల తర్వాత లైనక్స్. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ల్యాబ్‌లోని పాత సిస్టమ్‌లు చాలావరకు 11కు ఎక్కవు. 4 జీబీ ర్యామ్ ఉంటే లైనక్స్‌లో తేలికైన రకం, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది. దాన్ని ఎక్కించడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, కానీ మింట్‌ను అందులోకి రాసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందు ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ మీంచే నడిపించు. సిస్టమ్ ఆన్ చెయ్యగానే డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 కొడితే, దేని మీంచి నడపాలో అడిగే బూట్ మెనూ వస్తుంది. అలా నడిపినప్పుడు సేవ్ చేసినవి షట్‌డౌన్‌తో పోతాయని ముందే చెప్పు, లేకపోతే ఒక పిల్ల పీరియడంతా గీసిన బొమ్మ పోగొట్టుకుని ఏడుస్తుంది. హార్డ్‌డిస్క్ మరీ నత్తనడక అయితే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో, దానికన్నా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ తెచ్చి వెయ్యి. ర్యామ్ కొనేముందు మాత్రం సిస్టమ్ విప్పి అది డీడీఆర్3 రకమో డీడీఆర్4 రకమో చూసుకో, ఒకదాని స్లాట్‌లో రెండోది దిగదు.

ఎవరైనా మేడమ్ ఇంటి ల్యాప్‌టాప్‌లో కూడా వేసిపెట్టమంటే తొందరపడకు. అందులో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్ అయి ఉందేమో చూడు. ఉంటే ఆ తాళం తెరిచే నంబరు, అంటే రికవరీ కీ, కాగితం మీద రాసి ఆవిడ చేతికే ఇచ్చి, ఫొటోలూ ఫైళ్లూ వేరే డిస్కులోకి తీశాకే పార్టిషన్ (డిస్కును భాగాలుగా చేసే పని) ముట్టుకో.

మీ అన్నయ్య