బాండికూట్ మన పందికొక్కేనా?

ప్రశ్న: మా అబ్బాయి క్రాష్ బాండికూట్ అని ఒక వీడియో గేమ్ ఆడుతుంటాడండి. బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే ఇంగ్లీషులోకి వెళ్లిందని వాట్సాప్‌లో ఒకటి వచ్చింది. ఇలాంటివి రోజుకి పది వస్తాయి కదా, నమ్మబుద్ధి కాలేదు. పైగా ఆ గేమ్‌లో బొమ్మ చూస్తే పందికొక్కులా అస్సలు లేదు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనండి, ఈసారి వాట్సాప్ కరెక్టే చెప్పింది. మన దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లాయో చెప్పే హాబ్సన్-జాబ్సన్ అనే పాత డిక్షనరీ ఉంది, 1886లో వచ్చింది, అందులో కూడా ఇది తెలుగు మాటేనని, పందిలాంటి ఎలుక అని అర్థమని రాశారు. పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు, దాని బిరుసు వెంట్రుకలు చూడండి, మూలకి తరిమితే గుర్రుమనే ఆ అరుపు వినండి, బాగా పెరిగిందైతే కిలో దాకా తూగుతుంది. వరి పొలాల్లో గట్లు తవ్వి, కంకులు కొరికి కలుగులో దాచుకునేది కూడా ఈ జాతిదే, కాస్త చిన్న రకం. పందికొక్కులా మేస్తున్నాడు అనే తిట్టు మనకి ఊరికే రాలేదు.

మరి ప కాస్తా బ ఎందుకైందంటే, ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో ప అనేటప్పుడు గట్టిగా ఊపిరి వదులుతారు, మనం వదలం, అందుకని మన ప వాళ్ల చెవికి బ లాగా వినిపిస్తుంది. సైన్సువాళ్లు కూడా ఈ ఎలుకల జాతికి బాండికోటా అనే పేరు పెట్టారు, అంటే లాటిన్ వేషం వేసుకున్నా లోపల ఉన్నది మన రైతు నోట్లో మాటే. నాకైతే ఇది తల్చుకుంటే చాలా సంతోషంగా ఉంటుంది, ఏ రాజో పండితుడో కాదు, పొలంలో నష్టపోయినవాళ్లు పెట్టుకున్న పేరు అంత దూరం వెళ్లింది.

ఇంక మీ అబ్బాయి గేమ్ సంగతి. అది 1996లో వచ్చింది, అందులో ఉన్నది ఆస్ట్రేలియా బాండికూట్, అది వేరే జంతువండి. అక్కడికి వెళ్లిన ఇంగ్లీషువాళ్లు పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే ఒక చిన్న జంతువుని చూసి, ఇండియాలో పందికొక్కుకి ఉన్న పేరే దానికీ తగిలించేశారు. నిజానికి అది ఎలుకే కాదు, కంగారూలాగా పొట్టకి సంచి ఉండే జాతి. ఆ సంచి నోరు కూడా వెనక వైపుకి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. కొన్ని రకాలైతే పన్నెండు రోజుల చిల్లరకే ఈనేస్తాయి, మిగతా పెంపకమంతా సంచిలోనే. కాబట్టి పేరు మనదే గానీ జంతువు మనది కాదు, వాట్సాప్ మెసేజీల్లో ఈ రెండూ కలిపేసి ఆస్ట్రేలియా జంతువు ఫొటో పెట్టి పందికొక్కు అని రాసేస్తున్నారు, అది మాత్రం తప్పు.

అక్కడ ఈ మాట క్రియ కూడా అయిందండోయ్. పైన ఆకులు కదలకుండా కింద బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోతే బాండికూట్ చేశాడు అంటారు.

ఇటు మన దేశంలో, 2018లో కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగే పని లేకుండా ఒక రోబో తయారుచేశారు, మొదట తిరువనంతపురంలో వాడారు, దాని పేరు కూడా బాండికూటే. అది పందికొక్కు అనే మాటేనని మీ అబ్బాయికి చెప్పండి, వీలైతే పొలం గట్టు మీద ఒక కలుగు కూడా చూపించండి.